సరస్సు ఒడ్డున ఎనిమిది వారాలు

వలస వచ్చినవారి అమెరికా: ఏడో భాగం

1902 వేసవిలో న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్ నుంచి కొద్దిమంది యూదు కుర్రాళ్లు హడ్సన్ నది వెంట ఉత్తరానికి బయల్దేరారు. నగరానికి దాదాపు 95 కిలోమీటర్ల దూరంలో, కోల్డ్ స్ప్రింగ్ అనే ఊరి దగ్గర, అడవి కొండల మధ్య సర్‌ప్రైజ్ లేక్ అనే సరస్సు ఉంది. దాని ఒడ్డున గుడారాలు వేశారు. ఇరుకు వీధుల్లో పుట్టి పెరిగిన ఆ పిల్లలకు నీళ్లలో దూకడానికి, చెట్లెక్కడానికి, చీకటి పడ్డాక నక్షత్రాలు చూడడానికి చోటు దొరికింది. ఆ శిబిరం నేటికీ అదే పేరుతో, అదే సరస్సు ఒడ్డున నడుస్తోంది. అమెరికాలో ఇప్పటికీ పనిచేస్తున్న యూదు వేసవి శిబిరాల్లో అతి పాతవాటిలో అదొకటి.

గత భాగంలో వచ్చిన కుట్టుపని వాళ్ల పిల్లలే వీళ్లు. 1881లో రష్యా చక్రవర్తి హత్య తర్వాత యూదుల మీద దాడులు పెరిగాయి. దానికి పేదరికం తోడైంది. అప్పటి నుంచి 1924లో అమెరికా తలుపులు మూసేదాకా తూర్పు ఐరోపా నుంచి 20 లక్షలమందికి పైగా యూదులు అక్కడికి చేరారు. వాళ్లలో ఎక్కువమంది మొదటి మజిలీ లోయర్ ఈస్ట్ సైడే. అక్కడ గాలి, వెలుతురు చొరని గదులు, ఒకే గదిలో వంట, నిద్ర, కుట్టుపని. క్షయ రోగం ఇంటింటా ఉండేది. కొత్తగా కట్టే అద్దె ఇళ్లలో ప్రతి గదికీ కిటికీ ఉండాలని న్యూయార్క్ రాష్ట్రం 1901లో చట్టం చేసింది. ఆ మరుసటి ఏడాదే సర్‌ప్రైజ్ లేక్ శిబిరం మొదలైంది. రెండింటి వెనకా ఉన్నది ఒకే బాధ: పిల్లలకు ఊపిరాడడం లేదు.

శిబిరాన్ని తెరిచిన సంస్థ ఎడ్యుకేషనల్ అలయన్స్. అంతకుముందే వచ్చి స్థిరపడ్డ జర్మనీ యూదులు, కొత్తగా వస్తున్న రష్యా, పోలండ్, రుమేనియా యూదుల కోసం 1889లో దాన్ని పెట్టారు. ఇంగ్లీషు నేర్పడం, పౌరసత్వ పాఠాలు చెప్పడం, వ్యాయామం చేయించడం దాని పని. ఈ పిల్లల్ని త్వరగా అమెరికన్లను చేయాలన్నదే దాని తపన. శిబిరం కూడా ఆ తపనలోంచే పుట్టింది.

తెరుచుకోని తలుపులు

వేసవి శిబిరం యూదులు కనిపెట్టింది కాదు. కనెక్టికట్ రాష్ట్రంలో ఫ్రెడరిక్ గన్ అనే బడిపంతులు 1861లో తన విద్యార్థుల్ని సముద్రం ఒడ్డుకు నడిపించుకెళ్లి గుడారాల్లో ఉంచాడు. అమెరికా శిబిరాల చరిత్ర అక్కడి నుంచే లెక్క. 1877లో విల్లార్డ్ పార్సన్స్ అనే మతబోధకుడు న్యూయార్క్ పేద పిల్లల్ని పల్లెటూళ్లకు పంపే ఫ్రెష్ ఎయిర్ ఫండ్ మొదలుపెట్టాడు. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని స్క్వామ్ సరస్సు దీవిలో ఎర్నెస్ట్ బాల్చ్ 1881లో తెరిచిన శిబిరం సంపన్నుల కుర్రాళ్లది. తమ పని తాము చేసుకోవడం అక్కడ వాళ్లు నేర్చుకోవాలి.

సంపన్నుల ఈ శిబిరాల్లో చాలావాటిలో యూదు పిల్లలకు చోటు లేదు. హోటళ్లదీ అదే తీరు. 1877లో సారటోగా పట్టణంలోని గ్రాండ్ యూనియన్ హోటల్, జోసెఫ్ సెలిగ్‌మన్ అనే పెద్ద బ్యాంకరును యూదుడన్న కారణంతో లోపలికి రానివ్వలేదు. దేశమంతా దాని గురించి మాట్లాడుకుంది, కానీ రివాజు మారలేదు. అంతర్యుద్ధ కాలంలో ప్రభుత్వ బాండ్లు అమ్మిపెట్టిన మనిషికే గది దొరకకపోతే మిగతావాళ్ల సంగతి చెప్పేదేముంది? సొంత శిబిరాలు కట్టుకోవడం తప్ప యూదులకు మరో దారి లేకపోయింది. 1893లోనే న్యూయార్క్‌లో శ్రామిక యూదు యువతుల కోసం ఒక విహార సంఘం వెలిసింది. కార్ఖానాల్లో పనిచేసే అమ్మాయిలకు కొద్దిరోజులు పల్లె గాలి అందించడం దాని పని.

ఆ కాలపు శిబిరాల విజయానికి కొలమానం త్రాసు. పిల్లలు వచ్చిన రోజున ఒకసారి, వెళ్లే రోజున ఒకసారి తూచేవారు. పెరిగిన బరువు చందాలిచ్చిన దాతలకు చూపించే సాక్ష్యం. పాలు, గుడ్లు, రొట్టె కడుపునిండా పెట్టేవారు. మతం, భాష మాట తక్కువ.

సర్‌ప్రైజ్ లేక్‌కు వెళ్లిన తొలితరం పిల్లల్లో ఒకడు ఎడీ కాంటర్. తల్లీతండ్రీ చిన్నప్పుడే పోతే అమ్మమ్మ ఎస్తేర్ పెంచింది. ఆమె వీధి వీధి తిరిగి చిల్లర సామాన్లు అమ్మేది. తర్వాత కాంటర్ అమెరికా రంగస్థలం మీద, రేడియోలో తిరుగులేని హాస్యనటుడయ్యాడు. పేరొచ్చాక శిబిరాన్ని మర్చిపోలేదు. ఏళ్ల తరబడి దానికి విరాళాలు పోగుచేశాడు. పోలియో నివారణకు పది సెంట్ల నాణేల చందా ఉద్యమం నడిచింది కదా, దానికి 1938లో మార్చ్ ఆఫ్ డైమ్స్ అన్న పేరు పెట్టింది కూడా ఆయనే.

పోలియోకూ శిబిరాలకూ దగ్గరి సంబంధం ఉంది. 1916 వేసవిలో న్యూయార్క్ నగరంలో ఆ వ్యాధి 2,000 మందికి పైగా ప్రాణాలు తీసింది. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది చిన్నపిల్లలు. అప్పటి నుంచి 1955లో టీకా వచ్చేదాకా ప్రతి వేసవీ నగరంలోని తల్లిదండ్రులకు గుండెదడే. అప్పోసప్పో చేసైనా పిల్లల్ని ఊరు దాటించేవాళ్లు. శిబిరాలు నిండడానికి అదొక పెద్ద కారణం.

గాలి నుంచి భాషకు

మలుపు 1919లో మొదలైంది. న్యూయార్క్‌లో సెంట్రల్ జ్యూయిష్ ఇన్‌స్టిట్యూట్ నడుపుతున్న ఆల్బర్ట్ స్కూల్‌మన్ ఆ ఏడాది పిల్లల్ని శిబిరానికి తీసుకెళ్లాడు. సంస్థ పేరులోని పొడి అక్షరాలతో అది సెజ్విన్ అయింది. చివరికి పోర్ట్ జెర్విస్ ఊరి దగ్గర స్థిరపడింది. స్కూల్‌మన్ ఆలోచన సూటిగా ఉండేది. బడి అయ్యాక సాయంత్రం గంటా రెండు గంటలు మతపాఠం చెబితే అలసిపోయిన పిల్లవాడి తలకు ఎక్కేది కొంతే. అదే పిల్లవాడు రెండు నెలలపాటు పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా యూదు జీవితంలోనే ఉంటే? ఆట, పాట, భోజనం, ప్రార్థన, స్నేహం అన్నీ పాఠాలే అవుతాయి.

ఏ యూదు జీవితం అన్నదగ్గర దారులు చీలాయి. తూర్పు ఐరోపా యూదుల వాడుకభాష యిడ్డిష్ మాట్లాడే లౌకికవాదులు 1923లో రైన్‌బెక్ దగ్గర బోయిబెరిక్ శిబిరం తెరిచారు. షోలెం అలైఖెం రాసిన పాలవ్యాపారి టెవ్యా కథల్లో సంపన్నులు వేసవికి దిగే ఊరి పేరు అది. అక్కడ ప్రార్థనలకు బదులు యిడ్డిష్ పాటలు, నాటకాలు, జాతులన్నీ కలిసిమెలిసి ఉండాలని కోరే ఒక పెద్ద పండుగ ఉండేవి. అదే ఏడాది వామపక్ష కార్మికుల కిండర్‌లాండ్ సిల్వన్ సరస్సు ఒడ్డున మొదలైంది. 1927లో వర్క్‌మెన్స్ సర్కిల్ అనే యూదు కార్మికుల సంఘంవాళ్లు అదే సరస్సు దగ్గర కిండర్ రింగ్ పెట్టారు. సోవియట్ రష్యా విషయంలో ఈ రెండు వర్గాల పెద్దలకు పడని కాలమది. ఆ తగాదాకు గుర్తుగా ఒకే నీటికి చెరో పక్కన రెండు శిబిరాలు నిలిచాయి.

హీబ్రూవాళ్ల దారి వేరు. ష్లోమో షుల్సింగర్ 1941లో మసాద్ శిబిరం మొదలుపెట్టాడు. అది తర్వాత పెన్సిల్వేనియాలోని పోకోనో కొండలకు చేరింది. అక్కడ అన్నీ హీబ్రూలోనే మాట్లాడాలి, బేస్‌బాల్ ఆటతో సహా. వేల ఏళ్లనాటి గ్రంథభాషలో బంతి విసిరేవాడికీ, బ్యాటు పట్టేవాడికీ పేర్లెక్కడివి? శిబిరం వాళ్లు మాటలు తయారుచేసి నిఘంటువే అచ్చువేశారు. తర్వాత భాషాశాస్త్రాన్ని మలుపు తిప్పిన నోమ్ చోమ్‌స్కీ యువకుడిగా వేసవులు గడిపిన శిబిరం ఇదే.

1941కీ 1952కీ మధ్య కాలాన్ని బ్రాండైస్ విశ్వవిద్యాలయ చరిత్రకారుడు జొనాథన్ సార్నా యూదు శిబిరాల కీలక దశాబ్దమన్నాడు. అందుకు కారణం సముద్రానికి అవతల ఉంది. నాజీలు 60 లక్షలమంది యూదుల్ని చంపేశారు. వార్సా, విల్నా వంటి విద్యాకేంద్రాలు మనుషులతో సహా తుడిచిపెట్టుకుపోయాయి. అప్పటిదాకా అమెరికా యూదులకు పండితుల్నీ, పుస్తకాల్నీ, భాషనూ ఐరోపా పంపేది. ఇక పంపేవాళ్లు లేరు. అమెరికాలో పుట్టిన పిల్లల్లోంచే గురువుల్ని తయారుచేసుకోవాలి. పిల్లల్ని అమెరికన్లను చేయడానికి పుట్టిన శిబిరం, అమెరికన్లయిపోయిన పిల్లల్ని యూదులుగా నిలబెట్టే చోటుగా మారింది. ఈ కథలో గుర్తుంచుకోవలసిన మలుపు ఇదే.

ఆ బాధ్యతను నెత్తికెత్తుకున్నవాటిలో ముందు వరసలో నిలిచేది క్యాంప్ రామా. సంప్రదాయానికీ సంస్కరణకూ నడిమి దారిలో నడిచే కన్సర్వేటివ్ శాఖవాళ్లు 1947లో విస్కాన్సిన్ రాష్ట్రపు ఉత్తర కొసన, కానోవర్ ఊరి దగ్గర దాన్ని తెరిచారు. షికాగో రబ్బీ (యూదు మతగురువు) రాల్ఫ్ సైమన్ చొరవకు న్యూయార్క్ జ్యూయిష్ థియొలాజికల్ సెమినరీలోని మోషే డేవిస్, సిల్వియా ఎటెన్‌బర్గ్‌ల ప్రణాళిక తోడైంది. పిల్లలు రావాలంటే ఏడాదంతా హీబ్రూ బడికి వెళుతూ ఉండాలన్నది నియమం. అక్కడి నుంచి రామా శిబిరాలు పోకోనో కొండలు, కాలిఫోర్నియా, కెనడా, మసాచుసెట్స్ అంటూ విస్తరించాయి. కాలిఫోర్నియాలోని ఓహాయ్ రామాను 1957 నుంచి 1959 దాకా నడిపిన యువ రబ్బీ తర్వాత ద చోజెన్ నవల రాసిన హైమ్ పొటోక్.

శిబిరంలో ఏముంటాయి

షికాగో నుంచి కానోవర్ 500 కిలోమీటర్లకు పైమాటే. దేవదారు చెట్లు, దగ్గరదగ్గరగా సరస్సులు. ఇలాంటి శిబిరానికి ప్రాణం సరస్సే. దిగే చోట కర్ర వంతెన, లోతును బట్టి తాళ్లు కట్టిన మడుగులు, ఒడ్డున పడవలు. ఈత అక్కడ సరదాకు మించిన సంగతి. తండ్రి కొడుక్కి నేర్పవలసినవాటిలో ఈత ఒకటని యూదుల ధర్మశాస్త్ర గ్రంథం తాల్ముద్ చెబుతుంది. పిల్లలు ఇద్దరిద్దరుగా జతకట్టి నీళ్లలోకి దిగాలి. ఈల మోగగానే జంటలు చేతులు పట్టుకుని పైకెత్తాలి. ఒడ్డున ఉన్నవాళ్లు లెక్క చూసుకుంటారు. ఒక్క జంట తగ్గినా అందరూ బయటికి రావలసిందే.

గుడారాల స్థానంలో చెక్క ఇళ్లు వచ్చాయి. ఒక్కోదాంట్లో వరసగా రెండంతస్తుల మంచాలు, దోమలు రాకుండా జాలీ తలుపులు, పిల్లలతోపాటే పడుకునే యువ పర్యవేక్షకులు. ఊడ్చడం, పక్కలు సర్దడం, స్నానాల గది కడగడం వంతులవారీగా పిల్లల పనే. రామాలో ఈ ఇంటిని త్స్రీఫ్ అంటారు, సరస్సును అగమ్ అంటారు, భోజనశాలను ఖదర్ ఓఖెల్ అంటారు. ప్రకటనలు హీబ్రూలో, నాటకాలూ హీబ్రూలోనే. బ్రాడ్‌వే సంగీత నాటకాలను హీబ్రూలోకి మార్చి ప్రతి ఏటా వేయడం అక్కడ ఆనవాయితీ. భాష అంతగా రాని పిల్లలు కూడా పాటలు మాత్రం కంఠతా పట్టేస్తారు.

వంటశాల ఈ శిబిరాల్లో ఖర్చుతో కూడిన కట్టడం. యూదు ఆహార నియమాల ప్రకారం మాంసం, పాలు కలవకూడదు. అందుకని మాంసానికి ఒక జత, పాల పదార్థాలకు ఒక జత గిన్నెలు, కంచాలు, చెంచాలు, కడిగే తొట్లు ఉండాలి. మడి వంటకు గిన్నెలు విడిగా పెట్టుకునే ఇళ్లలో పెరిగినవారికి ఈ జాగ్రత్త సులువుగానే అర్థమవుతుంది. తేడా ఏమిటంటే ఇక్కడ దాన్ని వందలమందికి మూడు పూటలా పాటించాలి. నియమం తప్పకుండా చూడడానికి ఒక పర్యవేక్షకుడు ఉంటాడు. భోజనం కాగానే కృతజ్ఞతా ప్రార్థనను బల్లల మీద దరువేస్తూ అందరూ పాడతారు. ఇంటి దగ్గర గొణుక్కునే ప్రార్థన ఇక్కడ హోరెత్తుతుంది.

యూదుల పెద్ద పండుగలు వేసవి సెలవుల్లో రావు. అందువల్ల శిబిరంలో వారం వారం వచ్చే విశ్రాంతిదినమే పండుగ. శుక్రవారం మధ్యాహ్నం నుంచి ఊడ్పులు, స్నానాలు. సాయంత్రానికి అందరూ తెల్లబట్టలు కట్టుకుని సరస్సు ఒడ్డున బల్లలు వేసిన ఆరుబయటి ప్రార్థనాస్థలానికి వస్తారు. జడలా అల్లిన రొట్టె, పాటలు, నాట్యం. నియమాలు పాటించే శిబిరాల్లో ఆ రాత్రి నుంచి మర్నాడు చీకటి పడేదాకా పడవలు కదలవు, ఉత్తరాలు రాయరు. శనివారం రాత్రి ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని వలయంగా నిలబడతారు. అల్లిన కొవ్వొత్తి, ద్రాక్షరసం, లవంగాలు, దాల్చినచెక్కల సువాసనలతో విశ్రాంతిదినాన్ని సాగనంపుతారు.

వేసవిలో వచ్చే పెద్ద ఉపవాసం ఒక్కటి ఉంది. యెరూషలేము దేవాలయం కూలిన రోజుకు గుర్తుగా పాటించే తిషా బఆవ్. ఆ రాత్రి దీపాలు తగ్గించి, నేల మీద కూర్చుని విలాపవాక్యాలు చదువుతారు. బడులు మూసి ఉండే కాలం కాబట్టి చాలామంది అమెరికా పిల్లలకు ఆ రోజు పరిచయమయ్యేది శిబిరంలోనే.

వచ్చినవారూ మిగిలినవారూ

1959లో హెంషెఖ్ అనే శిబిరాన్ని నాజీల చేతుల్లోంచి బతికి బయటపడ్డవాళ్లు, బుండ్ అనే యూదు సోషలిస్టు పార్టీ కార్యకర్తలు మొదలుపెట్టారు. వాళ్ల మనసులో ఉన్నది వార్సా దగ్గరి మెడెం శానటోరియం. క్షయ సోకే ప్రమాదమున్న పేద పిల్లల కోసం 1926లో బుండ్ దాన్ని తెరిచింది. అక్కడి పిల్లల్నీ, వాళ్లను వదలని సిబ్బందినీ నాజీలు 1942 ఆగస్టులో ట్రెబ్లింకా మరణశిబిరానికి తరలించారు. హెంషెఖ్‌లో వేసవికి ఒకసారి, నాజీల మీద జరిగిన వార్సా ఘెట్టో తిరుగుబాటు స్మరణ జరిగేది. అమెరికాలో పుట్టిన పిల్లలు ఆ రాత్రి తల్లిదండ్రుల భాష యిడ్డిష్‌లో పాడేవాళ్లు.

1970లో రామాలో ఇంకో తలుపు తెరుచుకుంది. మానసిక ఎదుగుదలలో వెనకబడ్డ పిల్లలకు కూడా శిబిరంలో చోటివ్వాలని హెర్బ్, బార్బరా గ్రీన్‌బర్గ్ అనే ఉపాధ్యాయ దంపతులు అడిగారు. మిగతా తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించేస్తారేమో, ఖర్చు పెరుగుతుందేమో అని చాలామంది జంకారు. గ్లెన్ స్పే ఊళ్లోని రామా శిబిరం ఒప్పుకుంది. టిక్వా అన్న ఆ ఏర్పాటు ఇప్పుడు రామా శిబిరాలన్నిటి గుర్తింపులో భాగం. రామా చేసిన పనుల్లో మొట్టమొదట లెక్కించవలసింది ఇదేనంటే అతిశయోక్తి కాదు.

అదే ఏడాది మిసిసిపీలోని యూటికా ఊళ్లో సంస్కరణవాద శాఖ హెన్రీ ఎస్. జేకబ్స్ శిబిరాన్ని తెరిచింది. దాన్ని దశాబ్దాలు నడిపిన మేసీ హార్ట్ పెరిగిన వినోనా పట్టణంలో వాళ్లది ఒక్కటే యూదు కుటుంబం. దక్షిణాది చిన్న ఊళ్లలో పత్తి వ్యాపారం, బట్టల కొట్లు తగ్గాక యూదు కుటుంబాలు నగరాలకు తరలిపోయాయి. ప్రార్థనా మందిరాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. అక్కడి పవిత్రగ్రంథం తోరా చుట్టలు, దీపాలు, రంగుటద్దాల కిటికీలు ఎక్కడికి పోవాలి? హార్ట్ వాటిని శిబిరానికి చేర్చడం మొదలుపెట్టాడు. 1986లో అక్కడే మ్యూజియం వెలిసింది. అది 2021 నుంచి న్యూ ఆర్లియన్స్‌లో ఉంది.

పాటల సంగతి చెప్పకపోతే ఈ కథ సగమే. సర్‌ప్రైజ్ లేక్‌కు ఒకసారి జానపద గాయకుడు పీట్ సీగర్ వచ్చి పాడాడు. విన్న పిల్లల్లో నీల్ డైమండ్ ఉన్నాడు. ఇంటికెళ్లాక గిటారు పట్టి పాటలు కట్టడం మొదలుపెట్టానని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. విస్కాన్సిన్‌లోని ఒకోనోమొవాక్ దగ్గర 1952లో సంస్కరణవాదులు తెరిచిన తొలి శిబిరంలో డెబీ ఫ్రీడ్‌మన్ పాటలు నేర్పేది. గిటారుతో, పిల్లలు ఒక్కసారికే పట్టుకునే వరసలో ఆమె ప్రార్థనలకు రాగాలు కట్టింది. శిబిరం నుంచి ఇంటికొచ్చిన పిల్లలు అవే రాగాలు ప్రార్థనా మందిరాల్లో అడిగారు. ఆమె 2011 జనవరిలో చనిపోయింది. యూదు గాయకులను తయారుచేసే హీబ్రూ యూనియన్ కాలేజీ సంగీత విద్యాలయానికి ఇప్పుడు ఆమె పేరు ఉంది.

ఇటీవలి ఏళ్లు కష్టంగానే గడిచాయి. 2017 కార్చిచ్చులో శాంటా రోసా దగ్గరి న్యూమన్ శిబిరం, 2018లో మాలిబు దగ్గరి హెస్ క్రేమర్ శిబిరం కాలిపోయాయి. 2020లో కోవిడ్ వల్ల చాలా శిబిరాలు ఆ వేసవికి తెరుచుకోలేదు. మళ్లీ తెరుచుకున్నాక పిల్లలు తిరిగొచ్చారు. తేలని చిక్కు డబ్బుది. పేద పిల్లల కోసం చందాలతో మొదలైన శిబిరంలో ఇప్పుడు ఒక వేసవి గడపాలంటే వేల డాలర్లు కావాలి. 1998లో ఏర్పడ్డ ఫౌండేషన్ ఫర్ జ్యూయిష్ క్యాంప్ మొదటిసారి వచ్చే పిల్లలకు సాయం చేస్తోంది. శిబిరాలు కూడా ఫీజు రాయితీలకు విరాళాలు సేకరిస్తున్నాయి. 1902లో గుడారాల్లో పడుకున్న కుర్రాళ్ల లాంటివాళ్లకు ఈ తలుపు మూసుకుపోకూడదంటే ఆ సాయం ఇంకా పెరగాలి.

పిల్లలు సరస్సు ఒడ్డున ఉన్న ఆ రెండు నెలలూ వాళ్ల తల్లిదండ్రులు ఏం చేసేవాళ్లు? కాస్త డబ్బు కూడబెట్టుకున్నవాళ్లు క్యాట్‌స్కిల్ కొండలకు వెళ్లేవాళ్లు. హోటళ్లు తమకు గది ఇవ్వని కాలంలోనే యూదులు అక్కడ పాడిరైతుల ఇళ్లను అద్దె గదులుగా, అద్దె గదులను మహా హోటళ్లుగా ఎలా మార్చుకున్నారో వచ్చే భాగంలో.